కోణం చెప్పిన డాక్టరు

తామరాకు మీద నీటిబొట్టు గుండ్రంగా నిలుస్తుంది. శుభ్రంగా తుడిచిన గాజు పలక మీద అదే బొట్టు పరుచుకుపోతుంది. బొట్టు అంచు పలకతో చేసే కోణమే కాంటాక్ట్‌ యాంగిల్‌. మీరు పెట్రోలియం ఇంజినీరింగ్‌ చదువుతుంటే, భూమిలోపలి రాయికి నూనె అంటుకుంటుందా నీరా అన్నది ఈ కోణంతోనే తేలుస్తారని తెలిసే ఉంటుంది. దాన్ని మనకిచ్చినాయన చమురుబావి మొహం చూడలేదు. లండన్‌లో వైద్యం చేసుకున్న థామస్‌ యంగ్‌.

1773లో ఇంగ్లండ్‌లోని మిల్వర్టన్‌లో, క్వేకర్ల ఇంట్లో పుట్టాడు. పదిమంది పిల్లల్లో పెద్దవాడు. కంటి లెన్సు దూరాన్ని బట్టి ఎలా సర్దుకుంటుందో చెప్పి 21 ఏళ్లకే రాయల్‌ సొసైటీ సభ్యుడయ్యాడు. 1801లో రాయల్‌ ఇన్‌స్టిట్యూషన్‌లో ప్రొఫెసర్‌ ఉద్యోగం వస్తే రెండేళ్లలో వదిలేశాడు. ఫిజిక్స్‌ పిచ్చి ఉన్న డాక్టరు దగ్గరికి రోగులెవరొస్తారన్న భయం! అందుకే చాలా వ్యాసాలు పేరు లేకుండానే అచ్చేశాడు. పైగా కాంతి అల అన్నందుకు ఎడిన్‌బరో రివ్యూ పత్రిక చీల్చి చెండాడింది. జవాబుగా వేసిన కరపత్రం ఒక్క కాపీయే అమ్ముడైందట.

ఆ దెబ్బ తిన్న కొద్దికాలానికే, 1804 డిసెంబరులో, ద్రవాల అతుకుదల మీద రాయల్‌ సొసైటీకి ఒక పత్రం ఇచ్చాడు. మరుసటేడు అచ్చయింది. ఘనపదార్థం ఉపరితలం, ద్రవం ఉపరితలం, రెండూ కలిసే చోటు... ఈ మూడింటి లాగుడు అంచు దగ్గర సమతూకంలోకి వస్తుందని, అందుకే ప్రతి జంటకూ ఒక కోణం ఉంటుందని చెప్పాడు. విచిత్రం ఏంటంటే, అందులో సమీకరణమే లేదు, అంతా మాటలే. మీ టెక్స్ట్‌బుక్‌లో ఆయన పేరుతో ఉన్న కాస్‌ తీటా తర్వాతివాళ్లు రాసింది. యంగ్‌ రాసినట్టే పరీక్షలో రాస్తే మీకు మార్కులు పడటం అనుమానమే.

ఇప్పుడు ఆ బొట్టును రిజర్వాయర్‌లోకి దింపండి. పలక స్థానంలో రాయి, గాలి స్థానంలో ముడిచమురు. నీటివైపు నుంచి కొలిస్తే కోణం సుమారు 75 డిగ్రీల లోపుంటే రాయి నీటిని కోరుతుంది, 105 దాటితే నూనెను. నూనె రాతిగోడకు అతుక్కుంటే, మనం పంపిన నీరు మధ్యలోంచి దారి చేసుకుని పోతుంది, నూనె అక్కడే ఉండిపోతుంది. అందుకే ఈ కోణం ఇంత ఖరీదైనది.

కోణాన్ని నిర్ణయించేది కెమిస్ట్రీ. ఇసుకరాయిలోని క్వార్ట్జ్‌కి ఉప్పునీటిలో సాధారణంగా రుణావేశం. సున్నపురాయికి చాలాసార్లు ధనావేశం, కాబట్టి చమురులోని రుణావేశపు ఆమ్లాలు దాన్ని పట్టుకుని వదలవు. యంగ్‌ జంటకో కోణం అన్నాడు కదా, రిజర్వాయర్లో నీటి ఉప్పులు మారిస్తే జంటే మారిపోతుంది. సుద్దరాయి మీద చేసిన ల్యాబ్‌ ప్రయోగాల్లో, వేడిగా ఉన్నప్పుడు సముద్రపు నీటిలోని సల్ఫేటు రాతిమీద చేరి, కాల్షియం తోడై, ఆ ఆమ్లాల పట్టు సడలించింది. ఖరీదైన రసాయనం కాదు, ఉప్పునీరే!

ఇవేవీ యంగ్‌ ఊహించలేదు. రోగుల మధ్యే రోజెట్టా శిల లిపి విప్పడంలో పడ్డాడు. 1829లో, 55 ఏళ్లకే కన్నుమూశాడు. పెన్సిల్వేనియాలో డ్రేక్‌ బావి పడింది ఆ తర్వాత 30 ఏళ్లకి. చివరి రోజుల్లో పడక మీద కూడా ఆయన పెన్సిల్‌తో ఈజిప్టు భాష నిఘంటువు రాసుకుంటూనే ఉన్నాడు.