ప్లేగు మందు కనిపెట్టిన యూదుడు: హాఫ్‌కిన్ చరిత్ర



మా సోమాజిగూడకు ఆనుకొనియున్న బేగంపేటలో, పాత విమానాశ్రయమునకు సమీపమున, ఒక పాత బంగళా కలదు. 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన రోనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు అక్కడ ఒక దోమ కడుపును కోసి చూచి, మలేరియా క్రిమి దానిలో పెరుగుచున్నదని కనుగొనెను. ఇది మన బడి పిల్లలకును తెలిసిన సంగతియే. అయితే ఆ రాస్ పది సంవత్సరముల తరువాత ఒక యూదునిమీద పడిన నిందను తొలగించుటకు కలము పట్టెనని ఎరిగినవారు కొద్దిమంది. ఆ యూదుని జీవితమును ఈ నెల మన సంఘములవారికి తెలుపగోరుచున్నాము.

ఆయన పేరు వాల్డెమార్ మొర్దెకై హాఫ్‌కిన్. మొర్దెకై అను పేరు ఎస్తేరు గ్రంథము చదివినవారికి క్రొత్త కాదు. 1860 మార్చి 15న నల్ల సముద్రపు ఒడ్డుననున్న ఒడెస్సా పట్టణములో ఒక యూదుల ఇంట ఆయన జన్మించెను. నేడది ఉక్రెయిన్ దేశములోనిది. ఆనాడు రష్యా చక్రవర్తి యేలుబడిలో నుండెను.

ఆ కాలమున యూదునిగా పుట్టుట యెట్టిదో చెప్పనిదే ఈ చరిత్ర అర్థము కాదు. ఐరోపాలో యూదులమీది ద్వేషము నిన్న మొన్నటిది కాదు. 1096లో యెరూషలేమును విడిపింతుమని బయలుదేరిన సిలువ యోధుల గుంపులు దారిలో రైను నది తీరపు పట్టణములలోని యూదులను వేలకొలదిగా చంపిరి. 1290లో ఇంగ్లాండు రాజు వారిని దేశమునుండి వెళ్లగొట్టెను. 1492లో స్పెయిను రాజదంపతులును అట్లే చేసిరి. వీటన్నిటిలో ఒక నిందను మాత్రము ప్రత్యేకముగా చెప్పవలెను, ఏలయనగా అది మన కథలోనికి మరల వచ్చును. 1348, 1349 సంవత్సరములలో ప్లేగు ఐరోపాను ఊడ్చివేయుచుండగా, యూదులు బావులలో విషము కలిపిరని ఒక వదంతి పుట్టెను. యూదులును అదే ప్లేగుతో చచ్చుచున్నారే, ఇది అబద్ధమని పోపు ఆరవ క్లెమెంటు ప్రకటన చేసినను వినినవారు తక్కువ. 1349 ఫిబ్రవరి 14న స్ట్రాస్‌బర్గు పట్టణములో వందలాది యూదులను సజీవముగా కాల్చిరి. ఊరి బావిలో చేద వేయనియ్యక దూరముగా నిలువబెట్టిన దినములను మన సంఘముల పెద్దలు అనేకులు ఎరుగుదురు. బావి పేరుతో మనుష్యులను వేరుచేయుట ఎట్టిదో వారికి మేము చెప్పనక్కరలేదు.

ప్రొటెస్టెంటులమైన మనము ఈ పాపమును రోమా సంఘముమీద నెట్టివేసి ఊరకుండుటకు వీలులేదు. మన సంస్కర్తయైన మార్టిన్ లూథరు మొదట, 1523లో, యూదులయెడల దయగా వ్రాసెను. 1543లో అదే చేతితో వారి సమాజమందిరములను తగులబెట్టవలెనని వ్రాసెను. ఆ వ్రాతను నాలుగు వందల సంవత్సరముల తరువాత హిట్లరు మనుష్యులు వెదకి తీసి వాడుకొనిరి. అమెరికాలోని ఇవాంజెలికల్ లూథరన్ సంఘము 1994లో ఆ మాటలను బహిరంగముగా నిరాకరించినది. ప్రభువును సిలువవేయించిన నేరమును యావత్తు జాతిమీద మోపి ప్రసంగించినవారు, ప్రభువును, ఆయన తల్లియు, అపొస్తలులును యూదులేనని మరచిరి. మేకులు కొట్టినవారు రోమా సైనికులని మరచిరి. రోమా పత్రిక 11వ అధ్యాయములో పౌలు అడవి ఒలీవ కొమ్మలకు చేసిన హెచ్చరికను చదివియు చదువనట్లుండిరి. అందుచేతనే, మనకు ఆనందమైన ఈస్టరు దినములు ఆ దేశములలో యూదులకు తలుపులు బిగించుకొను దినములాయెను. ఒడెస్సాలో 1871వ సంవత్సరపు అల్లరి ఈస్టరు పండుగనాడే పుట్టెను. అప్పుడు హాఫ్‌కిన్ పదునొకండేండ్ల బాలుడు.

1881లో రష్యా చక్రవర్తి రెండవ అలెగ్జాండరును విప్లవకారులు బాంబు వేసి చంపిరి. ఆ కుట్రదారుల గుంపులో యూదురాలు ఒక్కతె యుండెను. నిందమాత్రము జాతి యంతటికిని వచ్చెను. ఊరూర యూదుల ఇండ్లను, అంగళ్లను దోచిరి. ఒడెస్సాలో విద్యార్థిగా నున్న హాఫ్‌కిన్ తన వారిని కాపాడుకొను యువకుల దళములో చేరి, గాయపడి, చెరసాల పాలాయెను. ఆయన గురువైన ఇల్యా మెచ్నికోవ్ అను గొప్ప శాస్త్రజ్ఞుడు కలుగజేసికొని విడిపించెను.

చదువు ముగిసిన తరువాత ఆయనకు విశ్వవిద్యాలయములో ఉపాధ్యాయ పదవి దొరకు దారి యుండెను గాని, దానికొక షరతు కలదు: రష్యా ఆర్థడాక్సు సంఘములో బాప్తిస్మము పొందవలెను. ఆయన ఒప్పుకొనలేదు. దీనిని చదువునప్పుడు మన క్రైస్తవ మనస్సునకు కష్టముగా తోచవచ్చును. కాని జీతమునకు వెలగా బాప్తిస్మమును అమ్మజూపినవారు తప్పుచేసిరా, కొననివాడు తప్పుచేసెనా? మా మట్టుకు, ఆ యౌవనస్థుడు మన సంస్కారమునకు వారికంటె ఎక్కువ మర్యాద చేసెనని తలంచుచున్నాము.

పట్టణపు జంతుశాస్త్ర మ్యూజియములో చిన్న పని చేసికొనుచు, 1888లో దేశము విడిచి జెనీవాకును, అక్కడినుండి పారిస్ నగరములోని పాశ్చరు సంస్థకును వెళ్లెను. అక్కడ మొదట దొరకినది గ్రంథాలయములో పని. ఖాళీ వేళలలో కలరా క్రిములను పరిశోధించి, 1892 జూలై 18న తాను చేసిన మందును ముందుగా తన శరీరములోనికే ఎక్కించుకొనెను. కలరా ఎక్కువగానున్న దేశము మనది గనుక 1893లో కలకత్తా చేరెను. మురికివాడలలోను, అస్సాము తేయాకు తోటలలోను తిరిగి, రెండు సంవత్సరములకు పైగా శ్రమపడి, నలుబదివేలకు మించిన జనులకు సూది వేసెను. జనులు రాళ్లు రువ్విన చోట్ల వారి యెదుటనే తాను సూది వేయించుకొనెడివాడట. ఎవనికిని బలవంతముగా వేయరాదనునది ఆయన నియమము.

1896లో బొంబాయిలో ప్లేగు బయలుదేరెను. ప్లేగు దినములలో ఊళ్లు ఖాళీచేసి పొలములలో గుడిసెలు వేసికొన్న సంగతి మన తాతల నోట విననివారు ఎవరు? ప్రభుత్వము హాఫ్‌కిన్‌ను పిలిపించి, గ్రాంటు వైద్య కళాశాలలో ఒక చిన్న గది యిచ్చెను. రేయింబవళ్లు పనిచేసి మూడు నెలలలో మందు సిద్ధపరచెను. 1897 జనవరి 10న దానినికూడ మొదట తన దేహమందే పరీక్షించుకొనెను. తరువాత బైకలా చెరసాలలో ఇష్టపడి ముందుకు వచ్చిన ఖైదీలకు వేసిరి. కొద్ది సంవత్సరములలోనే ఆ మందు దేశమంతట లక్షలాది జనులకు చేరెను. పరేలులోని పాత గవర్నరు బంగళా ఆయన ప్రయోగశాల ఆయెను.

ఇక ఉపద్రవము. 1902 అక్టోబరు 30న పంజాబులోని మల్కోవాల్ అను గ్రామములో 107 మందికి ఆ సూది వేసిరి. వారిలో 19 మంది ధనుర్వాతము వచ్చి మరణించిరి. ఆ దినమున ఐదు సీసాలు తెరువబడెను. చనిపోయినవారందరికిని మందు ఒకే సీసాలోనిది. ధనుర్వాతపు క్రిమి మట్టిలో నుండునని, గాయములో మన్ను పడనియ్యరాదని మన పల్లెలలో ఇప్పుడందరికిని తెలియును. విచారణ సంఘమువారు మాత్రము దోషము బొంబాయి ప్రయోగశాలలోనే జరిగెనని తేల్చిరి. హాఫ్‌కిన్ మందును తయారుచేయు పద్ధతిలో కార్బాలిక్ ఆమ్లము మానివేసి వేడిమిని వాడెను; అదియే కారణమని చెప్పిరి. ఆయన పదవి పోయెను. పందొమ్మిది శవములు తన మందువలననే లేచెనను నింద మోసికొని ఇంగ్లాండు చేరెను. నివేదికను ప్రభుత్వము 1906 వరకు ప్రచురింపలేదు.

ఆ నివేదికలో యూదుడను కారణము ఎక్కడను వ్రాయబడలేదు. న్యాయముగా ఆ మాట చెప్పవలసియున్నది. అయినను ఆయన వైద్య పట్టము లేనివాడు, రష్యా దేశస్థుడు, పైగా యూదుడు. దొరల వైద్యశాఖలో ఆయనకు మొదటినుండియు తోడు నిలిచినవారు తక్కువ. ఆ దినములలోనే ఫ్రాన్సు దేశమున డ్రైఫస్ అను యూదు సైనికోద్యోగిని 1894లో గూఢచారియని అబద్ధముగా శిక్షించి దీవికి పంపి, 1906లో నిర్దోషియని ఒప్పుకొనిరి. అందుచేత మల్కోవాల్ వ్యవహారమును చిన్న డ్రైఫస్ వ్యాజ్యమనిరి. ప్లేగు కాలమున విషము కలిపినది యూదుడేనను పాత మాట, అయిదున్నర శతాబ్దముల తరువాత, ప్లేగుకు మందు కనుగొన్న యూదునిమీదనే వచ్చి పడుట మాకు మిక్కిలి బాధ కలిగించుచున్నది.

ఇక్కడ మన బేగంపేట రాస్ మరల వచ్చుచున్నాడు. 1902లో నోబెలు బహుమానము పొందిన ఆయన అప్పటికి ఇంగ్లాండులో ఆచార్యుడు. సాక్ష్యములన్నియు చదివి చూడగా, మల్కోవాల్‌లో ఒక సహాయకుని చేతినుండి పటకారు నేలమీద పడెననియు, దానిని సరిగా శుద్ధి చేయకయే ఆ సీసా బిరడాను తీసిరనియు కనబడెను. మట్టి చేరినది అక్కడ! సీసా బొంబాయిలోనే చెడియుండినయెడల, తెరచినప్పుడు దుర్వాసన రావలెను. వచ్చినట్లు ఎవరును చెప్పలేదు. రాస్ పత్రికలకు వ్రాసెను. 1907 జూలైలో ఆయనయు మరికొందరు పేరుగల శాస్త్రజ్ఞులును చేరి, నేరము రుజువు కాకపోగా అబద్ధమని తేలినదని లండను టైమ్స్ పత్రికలో ప్రకటించిరి. ఆ సంవత్సరపు నవంబరులో ప్రభుత్వము హాఫ్‌కిన్‌ను మరల పనిలోనికి తీసికొనెను.

పాత పదవి మాత్రము దొరకలేదు. కలకత్తాలో మందులు తయారుచేయు వసతియే లేని ప్రయోగశాల నిచ్చిరి. యాబదియైదేండ్ల ప్రాయమున విశ్రాంతి పుచ్చుకొని ఐరోపా వెళ్లిపోయెను. వివాహము చేసికొనలేదు. ముసలితనమున తన పితరుల మతమును మరింత నిష్ఠగా అనుసరించెను. 1925లో పరేలు ప్రయోగశాలకు ఆయన పేరు పెట్టిరి. హాఫ్‌కిన్ సంస్థ యని అది నేటికిని ముంబయిలో నున్నది. 1930 అక్టోబరు 26న స్విట్జర్లాండులోని లోజాన్ పట్టణములో ఆయన మరణించెను.

తాను కూర్చిన ధనమును తూర్పు ఐరోపాలోని యూదుల వేదపాఠశాలలకు సహాయము చేయు నిధికి ఇచ్చెను. ఆయన పోయిన పదునొకండేండ్లకు, 1941 అక్టోబరులో, ఆయన పుట్టిన ఒడెస్సాలో వేలాది యూదులను కొద్ది దినములలోనే చంపిరి. మరి నాలుగేండ్లు గడచుసరికి ఆ పాఠశాలలలో చాలవాటిలో చదువుటకు పిల్లలు మిగులలేదు.