జార్జ్ బీట్సన్: కారణం తెలియకముందే దారి చూపిన శస్త్రవైద్యుడు

రొమ్ము క్యాన్సర్ నిర్ధారణ కాగానే నేడు కణితి ముక్కపై గ్రాహకాల పరీక్ష జరుపుతారు. ఈస్ట్రోజన్ హార్మోన్‌ను అందుకునే గ్రాహకాలు కణితి కణాల్లో ఉన్నాయా, లేవా అన్నదానిపై చికిత్స ఎంతగానో ఆధారపడి ఉంటుంది. ఈ పరీక్షకు మూలమైన ప్రశ్న 19వ శతాబ్దం చివర స్కాట్లాండ్‌లో ఒక శస్త్రవైద్యుని కృషి నుంచి పుట్టింది. ఆయన పేరు సర్ జార్జ్ థామస్ బీట్సన్. గ్రాహకాల సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. హార్మోన్ అనే పదం కూడా ఇంకా వాడుకలోకి రాలేదు.

బీట్సన్ 1848లో నాటి సిలోన్, నేటి శ్రీలంకలోని ట్రింకోమలీలో జన్మించారు. తండ్రి బ్రిటిష్ సైన్యంలో వైద్యుడు. కేంబ్రిడ్జ్‌లో చదివి, ఎడిన్‌బరోలో వైద్యవిద్య పూర్తిచేసిన బీట్సన్, క్రిమిరహిత శస్త్రచికిత్సకు ఆద్యుడైన జోసెఫ్ లిస్టర్ వద్ద పనిచేశారు.

1870లలో ఒక రోగి సంరక్షణ బాధ్యతపై ఆయన కొంతకాలం స్కాట్లాండ్ పల్లెసీమలో గడిపారు. పక్కనే గొర్రెల పెంపకం సాగుతుండేది. పిల్లలను తల్లిపాలు మాన్పించే తీరు ఆయనలో ఆసక్తి రేపింది. పాల ఉత్పత్తినే పరిశోధనాంశంగా ఎంచుకున్నారు. ఈనిన ఆవుకు అండాశయాలు తొలగిస్తే అది చాలాకాలం పాలిస్తుందని కొన్ని దేశాల రైతులకు తెలుసునని గ్రహించారు. ఒక అవయవం దూరాన ఉన్న మరో అవయవాన్ని శాసిస్తోందన్న ఆలోచన ఆయనలో బలపడింది. పాలు పట్టే దశలోనూ, క్యాన్సర్‌లోనూ రొమ్ములోని కణాలు విపరీతంగా వృద్ధి చెందడం ఆయన దృష్టిని ఆకర్షించింది.

ఆ ఆలోచన ఆచరణకు రావడానికి దాదాపు రెండు దశాబ్దాలు పట్టింది. 1895లో 33 ఏళ్ల మహిళ ఒకరు గ్లాస్గోలో ఆయన వద్దకు వచ్చారు. రొమ్ము తొలగించిన తరువాత కూడా క్యాన్సర్ తిరగబెట్టింది. మరో శస్త్రచికిత్సకు వీలులేని స్థితి. పరిస్థితిని ఆమెకూ భర్తకూ వివరించి, వారి సమ్మతితో బీట్సన్ ఆమె అండాశయాలను తొలగించారు. కొన్ని నెలల్లోనే కణితి కరిగిపోయింది. ఆమె సుమారు నాలుగేళ్లు జీవించారు. 1896లో ఈ అనుభవాన్ని ఆయన లాన్సెట్ వైద్యపత్రికలో ప్రకటించారు.

అయితే ఈ చికిత్స అందరికీ మేలు చేయలేదు. 1900 నాటికి లండన్ శస్త్రవైద్యుడు స్టాన్లీ బాయిడ్ ఇటువంటి 54 శస్త్రచికిత్సల వివరాలు సేకరించగా, దాదాపు మూడోవంతు మందిలోనే గుణం కనిపించింది. మిగిలినవారు శస్త్రచికిత్స బాధను భరించి, అండాశయాలు కోల్పోయి కూడా ప్రయోజనం పొందలేదు. ఎవరికి పనిచేస్తుందో ముందుగా చెప్పే మార్గం లేకపోయింది. 1933లో బీట్సన్ కన్నుమూసే నాటికి ఈస్ట్రోజన్‌ను వేరుచేయగలిగారు గాని, ఆ చిక్కుముడి మాత్రం వీడలేదు.

దాన్ని విప్పినవారు షికాగోలోని ఎల్‌వుడ్ జెన్సన్ బృందం. 1950ల చివర వారు రేడియోధార్మికత కలిగిన ఈస్ట్రోజన్‌ను ఉపయోగించి, కొన్ని కణజాలాలు మాత్రమే దాన్ని పట్టి ఉంచుతాయని చూపారు. అలా పట్టి ఉంచేవే గ్రాహకాలు. ఆరోగ్యంగా ఉన్న రొమ్ములో అవి కొద్దిపాటి కణాల్లోనే ఉంటాయి. ఆ కణాలు సాధారణంగా తాము విభజన చెందక, పొరుగు కణాలకు సంకేతాలు పంపుతాయి. క్యాన్సర్‌లో ఈ కట్టుబాటు తెగిపోతుంది. గ్రాహకాలున్న కణాలే ఈస్ట్రోజన్ ప్రేరణతో విభజన చెందుతాయి. ప్రాణహాని లేని గడ్డల్లోనూ గ్రాహకాలు కనిపిస్తాయి కనుక, వాటి ఉనికి ఒక్కటే క్యాన్సర్‌కు చిహ్నం కాదు.

రొమ్ము క్యాన్సర్లలో సుమారు 70 శాతం ఈస్ట్రోజన్ గ్రాహకాలు కలవే. అటువంటి రోగులకు టామాక్సిఫెన్ వంటి మందులు ఉపకరిస్తాయి. గ్రాహకాలు లేని కణితులపై వాటి ప్రభావం దాదాపు శూన్యం. నేడు కణితి కణాల్లో కనీసం 1 శాతం గ్రాహకాలను చూపినా దాన్ని గ్రాహక సహితంగా పరిగణిస్తారు. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్, హెర్2 అనే మూడు గ్రాహకాల పరీక్షల్లోనూ ప్రతికూలంగా తేలే క్యాన్సర్లు పాశ్చాత్య దేశాల కంటే భారత మహిళల్లో అధికమని అధ్యయనాలు సూచిస్తున్నాయి. అందుచేత ఈ పరీక్ష మనకు మరింత అవసరం.

గ్లాస్గోలోని ప్రధాన క్యాన్సర్ చికిత్సా కేంద్రం నేటికీ బీట్సన్ పేరుతోనే నడుస్తోంది. ఆయన చూపిన దారిలో ఎవరు నడవాలో, ఎవరు నడవనక్కరలేదో చెప్పగలిగేది గ్రాహకాల పరీక్షే. నాడు వృథాగా శస్త్రచికిత్సకు గురైన ఆ రెండువంతుల మందికి అందని రక్షణ అదే.