దొంగల ఊళ్లుగా ముద్రపడిన పల్లెల్లో ఒక జీవితం: రవిశంకర్ మహారాజ్

1960 మే 1న గుజరాత్ రాష్ట్రం అవతరించింది. కొత్త రాష్ట్రాన్ని ప్రారంభించే గౌరవం 76 ఏళ్ల ఒక లోకసేవకునికి దక్కింది. ఆయన బడి చదువు ఆరో తరగతితోనే ఆగిపోయింది. ఆస్తి లేదు, పదవి లేదు. పోలీసు దస్త్రాలు దొంగల స్థావరాలుగా పేర్కొన్న పల్లెల్లో కాలినడకన తిరుగుతూ ఆయన దశాబ్దాలు గడిపారు. ఆయన పేరు రవిశంకర్ వ్యాస్. ప్రజలు రవిశంకర్ మహారాజ్ అని పిలుచుకున్నారు. జులై 1 ఆయన వర్ధంతి.

రవిశంకర్ 1884 ఫిబ్రవరి 25న, శివరాత్రి పర్వదినాన, ఖేడా జిల్లాలోని రఢు గ్రామంలో బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. తల్లిదండ్రులు నాథీబా, పీతాంబర్ వ్యాస్. చిన్నవయసులోనే వ్యవసాయంలో తల్లిదండ్రులకు తోడుగా నిలిచారు. 22 ఏళ్లు నిండేసరికి ఇద్దరినీ కోల్పోయారు. తొలుత ఆర్యసమాజ భావాలు ఆయనను ఆకర్షించాయి. 1915లో గాంధీజీని కలుసుకున్న తరువాత ఆయన జీవితమార్గం స్థిరపడింది. 1921లో పిత్రార్జితంపై హక్కును వదులుకుని ఉద్యమంలో ప్రవేశించారు. ఈ నిర్ణయానికి భార్య సూరజ్‌బా సమ్మతించలేదు. ఆయన త్యాగంలో ఆ ఇల్లాలి కష్టమూ ఉందన్న సంగతి జీవితచరిత్రలు చదివేవారు మరువరాదు.

పేదరికం, అప్పు, హాజరుపట్టీ

మహీ, వాత్రక్ నదుల తీర గ్రామాల్లో బారైయా, పాటణవాడియా కులాలవారు అధికసంఖ్యలో నివసించేవారు. వారిలో అనేకులు కౌలుదారులు, కూలీలు. మంచి భూములు క్రమంగా పాటీదార్ల చేతికి, వడ్డీవ్యాపారుల చేతికి చేరాయి. 1899-1900 నాటి మహాక్షామం ఖేడాను కుంగదీసింది. పంట పోయినా శిస్తు తప్పలేదు. పెళ్లిళ్లకు, కర్మకాండలకు చేసిన అప్పులు తరాల తరబడి వెంటాడాయి. సారాయి వ్యసనం మిగిలినదాన్ని హరించింది. ఈ స్థితిలో కొందరు కన్నం వేయడానికి, పశువులను తోలుకుపోవడానికి, దారికాచి దోచుకోవడానికి అలవాటుపడ్డారు.

బ్రిటిష్ ప్రభుత్వం చేసిన చికిత్స వ్యాధికన్నా కఠినమైనది. 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో దేశంలోని ఇతర ప్రాంతాలకూ విస్తరింపజేసింది. దాని ప్రకారం నేరం రుజువు కానక్కరలేదు. ఒక కులంలో పుట్టడమే నేరమైంది. పేర్లు నమోదు చేసి, నిర్ణీత వేళల్లో అధికారి ఎదుట హాజరు వేయించుకోవాలని శాసించారు. అనుమతి లేనిదే ఊరు దాటరాదు. పొలంలో ఉండవలసిన వేళ హాజరుపట్టీ ముందు నిలబడవలసిన మనిషికి కూలి ఎక్కడ దొరుకుతుంది? దొంగగా నమోదైనవాణ్ణి పనికి పిలిచేవారెవరు? దొంగతనాన్ని అరికట్టవలసిన చట్టమే మరో దారి లేకుండా చేసింది.

చీకట్లో ఎదురైన బందిపోట్లు

ఆ పల్లెలకు రవిశంకర్ ఒంటరిగా, ఆయుధం లేకుండా వెళ్లారు. ఆయన అనుభవాలను ఆయన నోటనే విని, ప్రసిద్ధ రచయిత ఝవేర్‌చంద్ మేఘాణీ 1945లో మాణసాఈనా దీవా పేరుతో గ్రంథస్థం చేశారు. మానవత్వపు దీపాలు అని ఆ పేరుకు అర్థం. మరుసటి ఏడాది ఆ గ్రంథానికి మహీడా పురస్కారం లభించింది.

అందులోని ఒక ఘట్టం గుజరాత్‌లో సుప్రసిద్ధం. చీకటిదారిలో బందిపోట్లు ఆయనను అడ్డగించారు. ఆయన బెదరలేదు. తానూ బందిపోటునేనని, గాంధీ ముఠాకు చెందినవాడినని చెప్పుకున్నారు. తమ ముఠా పోరు అన్యాయం చేసే సర్కారుతోనే తప్ప సాటి పేదలతో కాదని వివరించారు. నిజమైన ధిక్కారం ఎలా ఉంటుందో నేర్పడానికే వచ్చానన్నారు. వారు ఆయనను ఏమీ చేయకుండా వదిలేశారు.

అంతమాత్రాన ఆయన దొంగతనాన్ని సమర్థించారనుకుంటే పొరపాటు. ఒక ఊళ్లో దొంగతనం జరిగిందని తెలిస్తే ఆయన పోలీసులను పిలిచేవారు కాదు, చూసీచూడనట్లు ఊరుకునేవారూ కాదు. దొంగిలించిన సొత్తు యజమానికి చేరేవరకు అక్కడే కూర్చుని అన్నం ముట్టని సందర్భాలను మేఘాణీ నమోదు చేశారు. తప్పు ఒప్పుకోవాలి, సొమ్ము తిరిగివ్వాలి, మళ్లీ చేయనని మాట ఇవ్వాలి. ఈ మూడూ జరిగితే ఆ మనిషిని ఊరు తిరిగి తనలో కలుపుకోవాలి. ఆయన న్యాయం ఇదే. మరోవైపు హాజరు పద్ధతిని తొలగించాలని అధికారులతో పోరాడారు.

బోర్సద్ నేర్పిన పాఠం

1923లో బోర్సద్ తాలూకాలో ఈ దృక్పథానికి పరీక్ష ఎదురైంది. బాబర్ దేవా అనే పాటణవాడియా బందిపోటు ఆ ప్రాంతాన్ని గడగడలాడిస్తున్నాడు. ప్రభుత్వం అదనపు పోలీసులను దించి, ఆ ఖర్చును ప్రజలపై మోపింది. గ్రామస్థులే దొంగలకు ఆశ్రయమిస్తున్నారన్నది దాని వాదన. 16 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరూ 2 రూపాయల 7 అణాలు చెల్లించాలని ఆదేశించింది. దోపిడీకి గురైనవారే దోపిడీకి జరిమానా కట్టవలసి వచ్చింది. ప్రజలు దీన్ని హైడియా పన్ను అన్నారు.

కాంగ్రెస్ తరఫున మోహన్‌లాల్ పండ్యా, రవిశంకర్ గ్రామగ్రామం తిరిగి విచారణ జరిపారు. ఒక బందిపోటును పట్టుకోవడానికి మరో బందిపోటుకు పోలీసులే ఆయుధాలు సమకూర్చారన్న విషయం వెల్లడైంది. వల్లభ్‌భాయ్ పటేల్ నాయకత్వంలో డిసెంబరులో సత్యాగ్రహం ఆరంభమైంది. కార్యకర్తలు రాత్రివేళ పల్లెలకు కాపలా కాశారు. జప్తుకు వచ్చే అధికారులకు తాళాలు వేసిన ఇళ్లు స్వాగతం పలికాయి. 1924 జనవరిలో ప్రభుత్వం పన్నును రద్దు చేసింది. సామూహిక శిక్ష సాధించలేని భద్రతను సామూహిక బాధ్యత సాధించగలదని బోర్సద్ నిరూపించింది.

తరువాతి కాలంలో రవిశంకర్ 1927 వరదల్లో సహాయకార్యక్రమాలు నిర్వహించారు. బార్డోలీ సత్యాగ్రహంలోనూ, 1930 నాటి ఉప్పు సత్యాగ్రహంలోనూ పాల్గొని జైలుకు వెళ్లారు. అహ్మదాబాద్‌లో మతకల్లోలాలు రేగినప్పుడు శాంతికోసం వీధుల్లో తిరిగారు. స్వాతంత్ర్యానంతరం భూదానోద్యమంలో 1955-58 మధ్య దాదాపు 6,000 కిలోమీటర్లు నడిచారు. అప్పటికి ఆయన వయసు 70 దాటింది. పేదవాడిని దొంగను చేసే మూలకారణాల్లో భూమి లేకపోవడం ఒకటని ఖేడా పల్లెల్లో కళ్లారా చూసినవారు ఆయన. 1975లో అత్యవసర పరిస్థితిని వ్యతిరేకించారు. నూరేళ్లు నిండిన తరువాత 1984 జులై 1న బోర్సద్‌లోనే కన్నుమూశారు.

తెలుగు నేలపై అదే చట్టం

ఆ చట్టపు నీడ తెలుగు ప్రాంతంపైనా పడింది. ఎరుకల కుటుంబాలను తెచ్చి ఉంచిన బాపట్ల సమీపంలోని స్టువర్టుపురం అందుకు సాక్ష్యం. మద్రాసు ప్రభుత్వంలో ఉన్నతాధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు ఆ ఊరికి పెట్టారు. సినిమాలకు, పత్రికలకు అది చాలాకాలం గజదొంగల ఊరిగానే కనిపించింది. గోరా కుమారుడు లవణం, జాషువా కుమార్తె హేమలత దంపతులు 1970ల నుంచి అక్కడ చేసిన సంస్కరణ కృషిలో, ఖేడాలో రవిశంకర్ నడిచిన దారి పోలికలు కనిపిస్తాయి. ఇద్దరి ప్రయత్నమూ మనుషులను నమ్మడంతోనే మొదలైంది.

నేరస్థ తెగల చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. విముక్త జాతులు ఆ తేదీని తమ స్వాతంత్ర్య దినంగా జరుపుకుంటాయి. అయితే దాని స్థానంలో రాష్ట్రాలు అలవాటుపడిన నేరస్థుల చట్టాలు తెచ్చుకున్నాయి. పట్టణంలో దొంగతనం జరిగితే ఊరిచివర గుడారాలవైపు మొదట చూసే అలవాటు సమాజానికి ఇంకా పూర్తిగా పోలేదు. దొంగను శిక్షించడం చట్టం పని. ఒక పిల్లవాడిని పుట్టుకతోనే దొంగల లెక్కలో వేయకుండా ఉండడం మాత్రం మనందరి పని. రవిశంకర్ మహారాజ్ నూరేళ్ల జీవితాన్ని నేడు స్మరించుకోవలసింది ఇందుకే.