శిలల చరిత్ర చదివిన బ్రూస్ ఫూట్

కొత్తచెరువు: పెనుకొండ, కొత్తచెరువు పరిసరాల్లోని గుట్టల్లో తెలుపు, నలుపు చారల నైస్ రాళ్లు విస్తారంగా ఉన్నాయి. సమీపంలోని రామగిరి వద్ద మాత్రం పొరలుగా చీలే పచ్చని షిస్టు రాళ్లు అగుపిస్తాయి. దక్షిణ భారతంలో ఈ రెండు జాతుల శిలలను విడదీసి చూపిన భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్.

ఆయన 1834 సెప్టెంబర్ 22న ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్‌లో జన్మించారు. 1858లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో చేరారు. 1863లో మద్రాసు సమీపాన పల్లవరంలో ఆదిమానవుని రాతి గొడ్డలిని కనుగొని భారతదేశ పూర్వచరిత్ర పరిశోధనకు పునాది వేశారు. అనంతపురం, బళ్లారి జిల్లాల్లోనూ రాతి పనిముట్లు సేకరించారు.

ఆ రోజుల్లో ఈ ప్రాచీన శిలలన్నింటినీ ఒకే వర్గంగా పరిగణించేవారు. 1880వ దశకంలో ఫూట్ షిస్టు రాళ్లను ప్రత్యేక వర్గంగా గుర్తించి, ధార్వాడ్ పట్టణం పేరిట ధార్వార్ శిలలని నామకరణం చేశారు. కోలారు బంగారం సైతం ఈ వర్గపు రాళ్లలోనే ఉన్నదని వివరించారు. పెన్నా, హగరి నదుల ప్రాంతంలో సాగిన ధార్వార్ పట్టీని కూడా ఆయన వర్ణించారు.

రామగిరి రాళ్లలో అధిక భాగం ఒకనాటి లావా ప్రవాహాలే. అవి భూగర్భంలోని వేడికి, ఒత్తిడికి లోనై రూపాంతరం చెందాయి. మితమైన వేడిలో పచ్చని క్లోరైటు, అంతకు మించిన వేడిలో నల్లని హార్న్‌బ్లెండ్ ఏర్పడతాయి. ఖనిజపు రేకులు వరుసదీరిన తీరును బట్టి ఒత్తిడి ఏ దిక్కు నుంచి వచ్చిందో గ్రహించవచ్చు.

నైస్ పునాదిపై ధార్వార్ శిలలు తరువాత ఏర్పడి మడతపడ్డాయని ఫూట్ భావించారు. మైసూరు సంస్థాన భూగర్భ శాఖకు అనంతరం నేతృత్వం వహించిన డబ్ల్యు.ఎఫ్. స్మీత్ దీనితో విభేదించారు. ధార్వార్ శిలలే పాతవని, నైస్ వాటిలోకి చొచ్చుకువచ్చిందని వాదించారు. శిలల వయసును కొలిచే సాధనాలు వచ్చాక ఇద్దరి మాటలోనూ కొంత సత్యమున్నదని తేలింది. కర్ణాటకలో 300 కోట్ల సంవత్సరాలు దాటిన నైస్ ఉంది. సుమారు 270 కోట్ల ఏళ్లనాటి రామగిరి లావాల చెంత మాత్రం వాటికన్నా చిన్న వయసు నైస్ ఉంది. ఫూట్ వేసిన వయోక్రమం సవరణకు గురైనా, ఆయన చేసిన విభజన, పెట్టిన పేరు నేటికీ నిలిచాయి.

1891లో పదవీ విరమణ చేసిన ఫూట్ ఏర్కాడులో స్థిరపడ్డారు. తన రాతి పనిముట్ల సేకరణను 1904లో మద్రాసు మ్యూజియానికి అప్పగించారు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో కన్నుమూశారు.