గడియారము చూచి ఇచ్చిన మందు

ధ్యాన భాగము: 37వ కీర్తన, 5వ వచనము



రాచపుండు వచ్చిన ఇంటికి ప్రార్థనకు వెళ్లినప్పుడు సంఘకాపరికి మొదట వినబడునది మూలుగు. ఆమెన్ అనిన తరువాత కూడ అది ఆగదు. నేనును ఏమి చేయుటకు తోచక అట్టి మంచముల యొద్దనుండి లేచి వచ్చినవాడనే. ఆ మంచముల యొద్దనే నిలిచిపోయిన ఒక స్త్రీని గూర్చి ఈ నెల వ్రాయుచున్నాను.

సిసిలీ సాండర్స్ 1918 జూన్ 22న ఇంగ్లండులో, లండనుకు ఉత్తరముననున్న బార్నెట్‌లో, కలిగిన కుటుంబములో జన్మించెను. ఆక్స్‌ఫర్డులో చదువుచుండగా యుద్ధము వచ్చెను. ఆమె చదువు మాని, 1940లో సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సు శిక్షణకు చేరెను. 1944లో నర్సయ్యెను గాని నడుము నొప్పి ఆ పనిలో నిలువనీయలేదు. తిరిగి చదివి, ఆసుపత్రిలో రోగుల కష్టసుఖములు విచారించు ఉద్యోగములో ప్రవేశించెను. 1945లో క్రీస్తునందు విశ్వాసముంచెను.

అక్కడ ఆమెకు డేవిడ్ టాస్మా అను రోగి కనబడెను. వార్సా నుండి వచ్చిన యూదుడు, నలువది యేండ్లవాడు, అయినవారు దగ్గర లేనివాడు. మరణించువారి కొరకు ఎట్టి గృహము కావలెనో వారిద్దరు మాటలాడుకొనిరి. 1948 ఫిబ్రవరిలో అతడు చనిపోవుచు, ఆ గృహమునకు ఒక కిటికీగా ఉండగోరి, 500 పౌండ్లు ఆమె పేర విడిచెను. గృహము ఇంకను మాటలలోనే యున్నది!

తరువాత ఆమె సెయింట్ లూక్స్ అను ఆసుపత్రిలో జీతము లేకుండ నర్సు పని చేసెను. అక్కడ చూచినదే ఆమె జీవితమును త్రిప్పెను. నల్లమందు నుండి తీయు మార్ఫిన్‌ను ఇతర చోట్ల రోగి ఏడ్చి అడిగిన తరువాతనే సూదిగా ఇచ్చెడివారు. అలవాటు పడునని భయము. సెయింట్ లూక్స్‌లోనైతే నాలుగు గంటలకొకసారి, నొప్పి తిరిగి రాకముందే, నోటితో త్రాగించెడివారు. రోగి గడియారము చూడనక్కరలేదు; నర్సు చూచును.

నర్సు మాట వైద్యులు వినరు, నీవే వైద్యము చదువుమని నార్మన్ బారెట్ అను శస్త్రవైద్యుడు ఆమెకు సలహా ఇచ్చెను. ముప్పది మూడవ యేట మొదలుపెట్టి 1957లో డాక్టరయ్యెను. 1958 నుండి రోమన్ కథోలిక సన్యాసినులు నడుపు సెయింట్ జోసెఫ్స్‌లో పనిచేయుచు వందలాది రోగుల స్థితిని వ్రాసి పెట్టెను. వేళకు తగినంత ఇచ్చిన మందువలన నొప్పి అణగెను. రోగులు తెలివి కలిగి తమవారితో మాటలాడిరి. భయపడినట్లు మందుకు బానిసలు కాలేదు.

అయితే మందు ఇచ్చినంతనే పని ముగియదు. మార్ఫిన్ మలబద్ధకము చేయును గనుక మొదటి దినమునుండియే విరేచనపు మందు ఇయ్యవలెను. కొందరికి వాంతి వచ్చును, నోరు ఎండును, నోరు తడుపుచుండవలెను. మొదటి దినములలో కొంత మగత సహజమే. లేపినను లేవక, శ్వాస మిక్కిలి మందగించినయెడల వెంటనే డాక్టరుకు తెలుపవలెను. ఇంకొక సంగతి ఆమె కనిపెట్టెను: పిల్లల గతి యేమగునను చింత, అప్పు, దేవుడు విడిచెనేమోనను దిగులు, ఇవియు నొప్పిలో భాగమే. వాటికి సీసాలో మందు లేదు, ప్రక్కన కూర్చుండవలెను.

మన దేశములో 1985 నాటి మత్తుమందుల చట్టము తరువాత ఆసుపత్రులకు మార్ఫిన్ దొరకుట కష్టమాయెను. 2014లో దానిని సవరించిరి. అయినను డాక్టరిచ్చిన మందును, అలవాటగునని, బీరువాలో దాచిన ఇల్లు నేను చూచితిని. ఆ తల్లి మూలుగు వీధిలోనికి వినబడెను.

1959లో ఒక ఉదయమున పై వచనము చదివి సిసిలీ తన గృహము కట్టుటకు నిశ్చయించుకొనెను. ధనము కూర్చుటకు ఎనిమిదేండ్లు పట్టెను. 1967లో లండనులోని సిడెన్‌హామ్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ తెరువబడెను. 2005 జూలై 14న, ఆమెయు క్యాన్సర్‌తో, అక్కడనే, తాను నేర్పిన పరిచర్య పొందుచు కన్నుమూసెను. టాస్మా ఇచ్చిన కిటికీ ఆ గృహపు ప్రవేశము నొద్ద ఉన్నది.