బిషప్ అగస్టీన్: కృపకూ న్యాయానికీ మధ్య

బడి సావనీర్లలో బెత్తం దెబ్బల ప్రస్తావన లేకుండా ఉండదు. యాభై ఏళ్ళు గడిచేసరికి అవి తీపి జ్ఞాపకాలైపోతాయి, కొట్టిన మాస్టారి మీద గౌరవం కూడా పెరుగుతుంది. పదహారు వందల ఏళ్ళ కిందట ఉత్తర ఆఫ్రికాలో బడికి వెళ్ళిన ఒక పిల్లవాడికి మాత్రం ఆ దెబ్బలు ఎన్నటికీ తీపి కాలేదు. డెబ్బై ఏళ్ళ వయసులో కూడా, మళ్ళీ బాల్యాన్ని అనుభవించడమా, చావడమా అంటే ఎవరైనా చావునే ఎంచుకుంటారన్న అభిప్రాయం రాసిపెట్టాడు. ఆయనే అగస్టీన్. మన కతోలికులు పునీత అగుస్తీను అంటారు. మనిషి పుట్టుకతోనే పాపియా? రక్షణ పొందేవాళ్ళను దేవుడు ముందే ఏర్పరచుకున్నాడా? అలాగైతే ఆయన న్యాయవంతుడు ఎలా అవుతాడు? క్రైస్తవుల మధ్య ఈ వాదన ఏ మూల మొదలైనా చివరికి ఆయన గుమ్మం దగ్గరికే వస్తుంది.

అగస్టీన్ 354 నవంబరు 13న థగాస్తే అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. ఇప్పుడది అల్జీరియాలోని సూక్ అహ్రాస్. తండ్రి పత్రీకియుస్ కొద్దిపాటి భూమి ఉన్నవాడు, పాత రోమన్ దేవతలను కొలిచేవాడు. తల్లి మోనికా క్రైస్తవురాలు. బడిలో దెబ్బలు పడకుండా చూడమని పిల్లవాడు దేవుణ్ణి వేడుకునేవాడు. అది చూసి పెద్దలు నవ్వేవారు, కన్న తల్లిదండ్రులతో సహా. లాటిన్ కావ్యాలంటే అతనికి ప్రాణం. వర్జిల్ కథలో డైడో రాణి చనిపోతే కన్నీళ్ళు పెట్టుకున్నాడు. గ్రీకు మాత్రం గిట్టలేదు, చివరిదాకా సరిగా పట్టుబడనూ లేదు.

పదహారో ఏట డబ్బు చాలక చదువు ఆగింది. ఆ ఏడాది ఖాళీగా తిరుగుతూ, ఒక రాత్రి స్నేహితులతో కలిసి పక్కవాళ్ళ బేరి చెట్టు దులిపాడు. కాయలు కొన్ని కొరికి, మిగతావి పందులకు పారేశారు. అందరం ఏదో ఒక తోటలో చేసిన పనే. కానీ ఆయన దీన్ని వదిలిపెట్టలేదు. తన ఆత్మకథ ‘కన్ఫెషన్స్’లో పేజీల కొద్దీ తరిచి చూశాడు. ఆకలి లేదు. ఇంట్లో అంతకన్నా మంచి కాయలున్నాయి. మరి ఎందుకు చేసినట్టు? తప్పు పనిలో ఉన్న మజా కోసం, పక్కన స్నేహితులు ఉండటం వల్ల. ఒంటరిగా అయితే చేసేవాణ్ణి కాదని ఆయనే తేల్చుకున్నాడు. మనిషి మనసు ఎటు వంగి ఉందో ఆయనకు తెలిపింది వేదాంత గ్రంథం కాదు, ఆ బేరి చెట్టే అనిపిస్తుంది నాకు.

ఊళ్ళో ధనవంతుడైన రొమానియానుస్ సాయంతో కార్తేజిలో పై చదువు సాగింది. అక్కడే ఒక స్త్రీతో కాపురం పెట్టాడు, కొడుకు పుట్టాడు, అదెయోదాతుస్. చెడు ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న వెంటాడుతుంటే మానీ మతంలో చేరి తొమ్మిదేళ్ళు ఉన్నాడు. వెలుగూ చీకటీ రెండు శక్తులని, మనిషి చేసే పాపం అతనిలో ఇరుక్కున్న చీకటి పని అని ఆ మతం చెప్పేది. వినడానికి హాయిగానే ఉంటుంది, నేరం మనది కాదు కదా!

ఈలోగా ఆయన పంతులయ్యాడు. కార్తేజిలో విద్యార్థుల అల్లరి భరించలేక 383లో రోముకు వెళ్ళాడు. రోము కుర్రాళ్ళు అల్లరి చేయరు గానీ, జీతం ఇవ్వాల్సిన రోజు రాగానే మూకుమ్మడిగా ఇంకో పంతులి దగ్గరికి పోతారు. ట్యూషన్లు చెప్పినవాళ్ళకు ఇది వివరించనక్కరలేదు. మరుసటి ఏడాది మిలాన్‌లో ప్రభుత్వ అలంకార శాస్త్ర పదవి దొరికింది. పెద్దింటి పెళ్ళి సంబంధం కుదరడంతో, పదిహేనేళ్ళుగా తోడున్న స్త్రీని ఆఫ్రికాకు తిప్పి పంపేశారు. అంత పెద్ద ఆత్మకథలో ఆమె పేరు కూడా లేదు. నాకు ఆయన మీద ఉన్న ఫిర్యాదుల్లో అదొకటి.

మిలాన్ బిషప్ ఆంబ్రోస్ ప్రసంగాలు వింటూ ఆయన క్రైస్తవం వైపు వచ్చాడు. ఏది మంచో తెలిసింది, చేయడమే చేతకాలేదు. 386లో ఒక తోటలో ఆ పెనుగులాటలో ఏడుస్తూ ఉండగా పక్కింటి నుంచి పిల్లల గొంతు, పుస్తకం తీసి చదవమన్నట్టు, వినిపించింది. తెరిస్తే అపొస్తలుడైన పౌలు రోమీయులకు రాసిన పత్రిక. 387 ఈస్టరుకు తండ్రీ కొడుకులిద్దరూ ఆంబ్రోస్ చేత బాప్తిస్మం పొందారు. ఆ ఏడే మోనికా కన్నుమూసింది. కొద్దికాలానికే కొడుకూ పోయాడు, పదిహేడేళ్ళు ఉంటాయేమో. గురువు అనేవాడు నిజంగా ఏమైనా నేర్పగలడా అని ఆ తండ్రీ కొడుకులు చేసిన సంభాషణ ‘ఉపాధ్యాయుడు’ అనే చిన్న పుస్తకంగా మిగిలింది. అందులో కొడుకు మాటలు కొడుకువేనని తండ్రి చెప్పుకున్నాడు.

391లో హిప్పో రేవు పట్టణానికి వెళితే, అక్కడి జనం పట్టుబట్టి ఆయన్ను గురువుగా అభిషేకింపజేశారు. కొన్నేళ్ళకు బిషప్ అయ్యాడు. సుమారు 396లో, రోమా పత్రిక తొమ్మిదో అధ్యాయం వివరించమని మిలాన్ నుంచి ఒక పెద్దాయన అడిగాడు. తల్లి గర్భంలో ఉండగానే, మంచీ చెడూ ఏదీ చేయకముందే, దేవుడు యాకోబును ఏర్పరచుకుని ఏశావును ఎందుకు కాదన్నాడు? అగస్టీన్ మనిషి స్వేచ్ఛను నిలబెట్టాలనే చూశాడు. చివరికి కృపే గెలిచిందని ఆయనే తర్వాత రాసుకున్నాడు. ఆదాములో మనుషులందరూ దోషులు. శిక్షిస్తే అది న్యాయం, క్షమిస్తే అది దయ. విశ్వాసం కూడా మనం సంపాదించింది కాదు, ఇచ్చింది. తోటలో తన సంగతి తలచుకుంటే, తనంతట తాను మారానని చెప్పుకోవడం ఆయనకు అబద్ధంగా తోచింది.

ఇది మన తలరాత లాంటిదేనని కొందరనుకుంటారు. కాదు. కర్మ సిద్ధాంతంలో రాతకు వెనక జన్మలో నా పనే కారణం, లెక్క సరిపోతుంది. అగస్టీన్ దగ్గర ఆ లెక్క లేదు, పూర్వజన్మే లేదు. మన వైష్ణవుల మర్కట కిశోర, మార్జాల కిశోర న్యాయాల చర్చ దీనికి కాస్త దగ్గర: కోతిపిల్ల తల్లిని తానే పట్టుకోవాలి, పిల్లికూన ఊరకుంటే తల్లే నోట కరుచుకుపోతుంది. అగస్టీన్ పిల్లికూన పక్షం. తల్లి కొన్ని కూనలనే ఎందుకు ఎత్తుకుంటుందన్నదే అక్కడ మిగిలిపోయిన చిక్కు.

కోతిపిల్ల పక్షం నుంచి వచ్చినవాడు పెలాజియస్. బ్రిటన్‌లో పుట్టి, రోములో పెద్ద కుటుంబాలకు ధర్మం బోధించే నిష్ఠాపరుడు. దేవుడు ఆజ్ఞాపించినది చేసే శక్తి కూడా దేవుడే ఇవ్వాలని కోరే ‘కన్ఫెషన్స్’ ప్రార్థనను ఒక బిషప్ నోట విని మండిపడ్డాడు. చేతకాని పనిని దేవుడు చేయమనడు, చేయమన్నాడంటే చేతనవుతుందనే. ఆదాము చెడ్డ మాదిరి చూపాడంతే, పాపాన్ని ఆస్తిలా పంచలేదు. స్టాఫ్ రూములో ఓటింగు పెడితే పెలాజియస్సే గెలుస్తాడని నా అనుమానం.

410లో రోము గోతుల చేతికి చిక్కాక ఆయన ఆఫ్రికా మీదుగా పాలస్తీనాకు వెళ్ళాడు. అగస్టీన్ ఆయన్ను కార్తేజిలో ఒకటి రెండుసార్లు చూశాడు గానీ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోలేదు. 415లో పాలస్తీనా బిషప్‌ల సభ పెలాజియస్‌ను నిర్దోషి అంది. 418లో కార్తేజి మహాసభ అతని బోధను ఖండించింది, చక్రవర్తి హొనోరియస్ బహిష్కరించాడు. తర్వాత అతని జాడ లేదు.

అసలు గట్టి ప్రశ్న అడిగినవాడు ఇటలీలోని ఎక్లానుమ్ బిషప్ జూలియన్. అగస్టీన్ మిత్రుడి కొడుకే. ఆ ఖండనకు సంతకం చేయనని పదవి పోగొట్టుకున్నాడు. పసిపిల్లలకు పాపక్షమాపణ కోసం బాప్తిస్మం ఇస్తున్నామంటే వాళ్ళలో పాపం ఉన్నట్టే అని అగస్టీన్ వాదించాడు. అంటే బాప్తిస్మం లేకుండా చనిపోయిన పసికందుకు శిక్ష తప్పదు. అతి తేలికైన శిక్ష అన్నాడు గానీ శిక్షే. ఇంకా కళ్ళు తెరవని బిడ్డను శిక్షించేవాణ్ణి న్యాయవంతుడైన దేవుడని ఎలా అనాలని జూలియన్ నిలదీశాడు. దేవుని తీర్పులు మన బుద్ధికి అందవన్నదే అగస్టీన్ చివరి జవాబు. దెబ్బలు తప్పించమని ఏడ్చిన పిల్లవాడి నుంచి ఇలాంటి జవాబు రావడం నాకు కష్టంగా ఉంటుంది. వేరుపడిన డొనాటిస్టు క్రైస్తవుల మీద జరిమానాలు, జప్తులు విధించే ప్రభుత్వ చట్టాలనూ ఆయన సమర్థించాడు. మరణశిక్ష మాత్రం వద్దన్నాడు. భయం మనిషిని దారిలో పెడుతుందన్న ఆ వాదన ఆయన చిన్ననాటి పంతుళ్ళదే.

ఆయన రాతల్లో ఉపాధ్యాయులకు బాగా పనికొచ్చేది 427 ప్రాంతపు చిన్న పుస్తకం. హద్రుమేతుమ్‌లోని మఠవాసులు, అంతా కృప వల్లే అయితే పెద్దలు మమ్మల్ని మందలించడం ఎందుకు, మా కోసం ప్రార్థన చేస్తే చాలదా అని అడిగారు. తొమ్మిదో తరగతి పిల్లలు అడిగినట్టే ఉంది. ఆయన విసుక్కోలేదు. మందలింపు కూడా కృప పనిచేసే దారుల్లో ఒకటి, ఎవరు ఏర్పరచబడినవారో మనకు తెలియదు కనుక అందరినీ ప్రేమతో మందలించవలసిందే అని రాశాడు. తర్వాతి రెండేళ్ళలో పూర్వ నిర్ణయం మీద ఇంకో రెండు పుస్తకాలు వచ్చాయి. వెయ్యేళ్ళ పైచిలుకు తర్వాత లూథర్, కాల్విన్ ఈ రాతల నుంచే బలం తెచ్చుకున్నారు. ఆర్మీనియస్, వెస్లీ ఎదురు నిలిచారు. ఆ పాయలే మన గుంటూరు లూథరన్ మిషనుకూ, మెదక్ వెస్లియన్ మిషనుకూ చేరాయి.

430 వేసవిలో వాండల్ సైన్యం హిప్పోను చుట్టుముట్టింది. ముట్టడి మూడో నెలలో అగస్టీన్‌కు జ్వరం వచ్చింది. దావీదు పశ్చాత్తాప కీర్తనలను రాయించి మంచం పక్క గోడకు తగిలించుకున్నాడు. ఎవరినీ లోపలికి రానివ్వవద్దని, వైద్యులూ భోజనమూ వచ్చే వేళల్లో తప్ప, చెప్పి, పడుకుని చదువుకుంటూ ఏడ్చాడు. చివరిదాకా నిలిచి ఉన్నామో లేదో బతికుండగా ఎవరికీ తెలియదని బోధించినవాడు మరి. ఆగస్టు 28న చనిపోయాడు. ఆస్తి లేదు కనుక వీలునామా రాయలేదు, గ్రంథాలయాన్ని మాత్రం జాగ్రత్తగా చూడమన్నాడు. అందులో జూలియన్‌కు రాస్తున్న రెండో పెద్ద జవాబు కూడా ఉంది. జూలియన్ రాసినవి ఎనిమిది భాగాలు. ఆరింటి వరకే జవాబు పూర్తయింది.