వెనక నుంచి చదవాల్సిన మాన్యువల్: కోలిన్ చాప్‌మన్ కథ

మ్యాథ్స్ సప్లీ రాసి గట్టెక్కిన ఇంజనీర్ల లిస్టు ఎవరైనా తయారు చేస్తే అందులో కోలిన్ చాప్‌మన్ పేరు పైవరసలోనే ఉంటుంది. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ చదివాడు. 1948 ఫైనల్స్‌లో మ్యాథ్స్ పేపర్ పోయింది. మరుసటి ఏడు మళ్లీ రాసి డిగ్రీ తెచ్చుకున్నాడు. క్లాసుల కంటే బయటి వ్యాపారం మీద ధ్యాస ఎక్కువున్న స్టూడెంట్ మరి.

ఆ వ్యాపారం సెకండ్ హ్యాండ్ కార్లది. చాప్‌మన్ పుట్టింది 1928 మే 19న. తండ్రి ఉత్తర లండన్‌లో హార్న్సీ అనే చోట రైల్వే హోటల్ అని ఒక పబ్ నడిపేవాడు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక ఇంగ్లండ్‌లో కొత్త కారు దొరకడం గగనం. ఫ్యాక్టరీలో తయారైనవన్నీ డాలర్ల కోసం ఎగుమతికి పోయేవి. దాంతో పాత డొక్కు కార్లకి కూడా మంచి రేటు పలికేది. ఆ బేరాలన్నీ జరిగే అడ్డా వారెన్ స్ట్రీట్, కాలేజీ నుంచి నడిచి పోయేంత దూరం. చాప్‌మన్, అతని ఫ్రెండ్ కోలిన్ డేర్ కలిసి పాత కార్లు కొని, కాస్త బాగుచేసి, లాభానికి అమ్మేవాళ్లు. మన హాస్టల్లో పాత ల్యాప్‌టాప్‌లకి ర్యామ్ మార్చి జూనియర్లకి అమ్మే అన్నయ్యలు లేరూ, ఆ టైపన్నమాట.

1947 చివర్లో ప్రభుత్వం సొంత కార్లకి ఇచ్చే పెట్రోల్ కోటా తీసేసింది. పెట్రోల్ లేకపోతే కారెందుకు? రేట్లు ఒక్కసారిగా కుప్పకూలాయి. చాప్‌మన్ తన దగ్గరున్న సరుకంతా నష్టానికి వదిలించుకున్నాడు, ఒక్కటి తప్ప. ఎవరూ కొనని ఒక పాత ఆస్టిన్ సెవెన్ మిగిలిపోయింది. దాని బాడీ పీకేసి, అల్యూమినియం అతికించిన ప్లైవుడ్‌తో తేలికైన కొత్త బాడీ కట్టడం మొదలుపెట్టాడు. పని జరిగింది అతని గర్ల్‌ఫ్రెండ్ హేజెల్ విలియమ్స్ వాళ్ల ఇంటి గ్యారేజీలో. హేజెల్ కూడా చెయ్యేసింది. బురద కొండలు ఎక్కే ట్రయల్స్ పోటీల్లో ఆ కారు బాగానే పరిగెత్తింది. దాన్నే ఇప్పుడు లోటస్ మార్క్ వన్ అంటున్నారు. లోటస్ అని ఎందుకు పెట్టాడో చాప్‌మన్ ఎవరికీ చెప్పలేదు. హేజెల్‌ని ముద్దుగా పిలిచే పేరని కొందరంటారు. మనకైతే తామరపువ్వు, అంతే.

1951లో కట్టిన మార్క్ త్రీ దగ్గర అతని బుర్ర ఎలాంటిదో తెలుస్తుంది. ఆస్టిన్ సెవెన్ ఇంజన్లో నాలుగు సిలిండర్లు, కానీ గాలీ పెట్రోలూ లోపలికి పోయే దారులు రెండే. రెండేసి సిలిండర్లు ఒక్కో దారిని పంచుకోవాలి, కాబట్టి ఒకదాని వాటా ఇంకోటి లాక్కుంటుంది. చాప్‌మన్ ఆ దారుల మధ్యలో అడ్డుగోడ పెట్టి రెంటిని నాలుగు చేశాడు. రూల్ బుక్‌లో అలా చెయ్యొద్దని ఎక్కడా లేదు. పోటీ నడిపే క్లబ్ తర్వాత ఆ రూల్ చేర్చుకోవాల్సి వచ్చింది. ఇది గుర్తుపెట్టుకోండి, ఈ కథలో మళ్లీ మళ్లీ వస్తుంది. అతను రూల్ ఏం చెబుతోందో చదివేవాడు కాదు, ఏం చెప్పడం మర్చిపోయిందో చదివేవాడు.

1952 జనవరి 1న, హేజెల్ అప్పిచ్చిన 25 పౌండ్లతో లోటస్ ఇంజనీరింగ్ మొదలైంది. ఆఫీసు, వర్క్‌షాప్, అన్నీ నాన్న పబ్ వెనకున్న పాత గుర్రపుశాలలోనే. పగలు బ్రిటిష్ అల్యూమినియం కంపెనీలో ఉద్యోగం, రాత్రి కార్లు. ఇద్దరి పెళ్లి 1954లో అయింది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం, నాకైతే రేసులకంటే ఇదే ఇష్టం. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో కొత్త కారు మీద పర్చేజ్ ట్యాక్స్ అని ఒకటుండేది, మన జీఎస్టీకి తాతలాంటిది. అప్పట్లో రేటు సగానికి అటూ ఇటూ ఉండేది. కానీ విడి భాగాలుగా కొని సొంతంగా బిగించుకుంటే అది కారు కిందికి రాదు, ట్యాక్స్ లేదు. చాప్‌మన్ మార్క్ సిక్స్ ని ఆ సందులోంచే బయటికి తెచ్చాడు. లోటస్ ఇచ్చేది సన్న గొట్టాలతో వెల్డ్ చేసిన ఫ్రేమ్, పైన అల్యూమినియం రేకులు. ఉత్త ఫ్రేమ్ బరువు పాతిక కిలోలు, ఒక బియ్యం బస్తా అంత. మన మెకానికల్ వాళ్లు బాజా బగ్గీకి కట్టే ఫ్రేమ్ లాగే గొట్టాలన్నీ త్రిభుజాలుగా ఉంటాయి, ఒక్కో గొట్టం మీద లాగుడో నొక్కుడో తప్ప వంచే బలం పడదు. కాబట్టి సన్నగా ఉన్నా సరిపోతుంది. స్ట్రక్చర్స్ పేపర్లో పాసైనవాడు కదా. ఇంజను, గేర్‌బాక్స్, యాక్సిల్ లాంటివి కొన్నవాడే పాత ఫోర్డ్ కార్ల నుంచి పీక్కొచ్చుకోవాలి.

మార్క్ సిక్స్ వందకి పైగా పోయాయి. తర్వాత 1957లో సెవెన్ వచ్చింది. తలుపుల్లేవు, గట్టి టాప్ లేదు, బరువు అర టన్ను కూడా లేదు. ఫ్యాక్టరీలో బిగించినది ట్యాక్స్‌తో కలిపి 1,036 పౌండ్లు, కిట్‌గా తీసుకుంటే 536. స్టూడెంట్ ఎవడైనా ఏది కొంటాడో చెప్పక్కర్లేదు. అయితే ట్యాక్స్ వాళ్లు ఒక మెలిక పెట్టారు: కిట్‌తో పాటు బిగించే పద్ధతి రాసిన పుస్తకం ఇవ్వకూడదు. ఇస్తే అది తయారైన కారు కిందే లెక్క. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడు కదా. చాప్‌మన్ కారు విప్పే పద్ధతి రాసిన పుస్తకం ఇచ్చాడట. విప్పడం గురించి రూల్లో ఏమీ లేదు మరి! కొన్నవాడు చివరి పేజీ నుంచి మొదటి పేజీకి చదువుకుంటూ బిగించుకోవాలి. డేటా స్ట్రక్చర్స్ క్లాసులో స్టాక్ గురించి చివర పెట్టింది ముందు తియ్యాలి అని చెప్పినప్పుడు నాకు ఈ పుస్తకమే గుర్తొచ్చింది.

ఇలా 1957 నుంచి 1973 వరకు దాదాపు 2,500 సెవెన్లు తయారయ్యాయి. చాలామంది వాటిని రోజూ ఆఫీసుకీ కాలేజీకీ తోలారు, ఎందుకంటే వాళ్లకున్న కారు అదొక్కటే. ఇప్పుడు కూడా పాత సెవెన్ సెకండ్ హ్యాండ్‌లో కొని రోజూ వాడదామనుకునేవాళ్లు అక్కడ ఉన్నారు. వాళ్ల తిప్పలు మామూలు పాత కారు కొనేవాడి తిప్పల్లా ఉండవు. మామూలు కారులో ఎన్ని వేల మైళ్లు తిరిగింది అని చూస్తాం. ఇక్కడ ముందు అడగాల్సింది ఎవరు బిగించారు అని. అరవైల్లో ఒక ఇంటి గ్యారేజీలో ఓపికున్న మనిషి బిగించాడా, లేక రెండు వీకెండ్లలో తోచినట్టు లాగించాడా అన్నదాన్ని బట్టి కారు మారిపోతుంది. ఫ్రేమ్ గొట్టాలు అల్యూమినియం రేకుల వెనక దాక్కుని ఉంటాయి, తుప్పు పట్టినా, గుద్దుకుని వంగినా బయటికి కనపడదు. కాబట్టి రేకు పైన పాలిష్ చూసి మురిసిపోకూడదు, కింద దూరి టార్చి వేసి చూడాలి. రెండో సిరీస్‌లో స్టాండర్డ్ కంపెనీ ఎస్టేట్ కారు వెనక యాక్సిల్ వాడారు. దానికి బలమైన ఇంజన్ తగిలిస్తే తట్టుకోలేక ఆయిల్ కారుస్తుంది. ఛాసిస్ నంబర్, రిజిస్ట్రేషన్ కాగితాలు రెండూ కలుస్తున్నాయో లేదో చూసుకోవాలి, ఎందుకంటే సెవెన్‌కి కాపీలు కొల్లలు. 1996లో రాన్ చాంపియన్ అనే ఆయన 250 పౌండ్లతో ఇలాంటి కారు మీరే కట్టుకోండి అని ఏకంగా పుస్తకమే రాశాడు. ఇవన్నీ దాటి కొన్నాక వాన అనేది ఒకటుంది. పక్కన తగిలించే తెరలు, పైన కాన్వాస్ గుడ్డ. ఇంగ్లండ్ వానలో దాన్ని రోజూ తోలేవాడికి నిజంగా దండం పెట్టాలి. ఒక్క మంచి ఏంటంటే చాలా పార్టులు మామూలు కార్లవే, అందుకే స్పేర్లకి మరీ వెతుక్కోనక్కర్లేదు.

1962లో వచ్చిన ఎలాన్ కాస్త నాగరికమైన కారు, అదీ కిట్‌గా దొరికేది. ఫైబర్‌గ్లాస్ బాడీ, మధ్యలో వెన్నెముకలాంటి స్టీల్ ఛాసిస్. హెడ్‌లైట్లు ఇంజన్ వాక్యూమ్‌తో పైకి లేస్తాయి. ఆ వాక్యూమ్ నిలవ ఉంచడానికి వేరే ట్యాంకు పెట్టలేదు. ఛాసిస్ ముందు అడ్డంగా ఉండే బోలు భాగాన్నే ట్యాంకుగా వాడేశారు. స్వామికార్యం, స్వకార్యం. కానీ ఏళ్లు గడిచి ఆ భాగం తుప్పు పట్టి చిల్లి పడితే వాక్యూమ్ కారిపోతుంది. మొదటి మోడళ్లలో అయితే లైట్లు వెలుగుతుండగానే కళ్లు మూసుకుపోయినట్టు వాలిపోతాయి. పాత ఎలాన్ బేరమాడేవాడు హెడ్‌లైట్లు వాలుతున్నాయా అని ఎందుకు చూస్తాడంటే, సమస్య లైటుది కాకపోవచ్చు, కారు వెన్నెముకదే కావచ్చు.

ఒక పార్టు రెండు పనులు చెయ్యాలి, ఏ పార్టూ ఉండాల్సిన దానికంటే బరువు ఉండకూడదు అన్నది చాప్‌మన్ పద్ధతి. 1962లో లోటస్ 25తో ఫార్ములా వన్‌లోకి మోనోకాక్ తెచ్చాడు. 1967లో లోటస్ 49లో ఇంజన్‌నే ఛాసిస్‌లో భాగం చేసి, వెనక చక్రాల సస్పెన్షన్ దానికే తగిలించాడు. జిమ్ క్లార్క్ 1963లో, 1965లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 1968 ఏప్రిల్ 7న హాకెన్‌హైమ్‌లో క్లార్క్ చనిపోయాడు. చాప్‌మన్ ఆ దెబ్బ నుంచి పూర్తిగా కోలుకోలేదంటారు.

ఇక్కడ నాకు ఈ మనిషి మీద అభిమానం కొంచెం తడబడుతుంది. 1969లో బార్సిలోనాలో లోటస్ కార్ల ఎత్తైన వింగ్‌లు విరిగాయి, గ్రాహం హిల్, యోఖెన్ రింట్ ఇద్దరి కార్లూ నుజ్జయ్యాయి. రింట్ చాప్‌మన్‌కి ఉత్తరం రాశాడు. నాకు కారు మీద నమ్మకం ఉండాలి, బలహీనంగా ఉన్న పార్టులకి కొన్ని కిలోలు చేర్చినా పర్వాలేదు అన్నది దాని సారాంశం. 1970 సెప్టెంబర్ 5న మోంజాలో ప్రాక్టీసులో రింట్ కారు ముందు బ్రేక్ షాఫ్ట్ విరిగింది. అతను బతకలేదు. ఆ ఏడు ఛాంపియన్‌షిప్ అతనికే వచ్చింది, చనిపోయాక ఆ టైటిల్ వచ్చింది అతనొక్కడికే. ఆ కాలంలో రేసు డ్రైవర్లు అన్ని టీముల్లోనూ చనిపోయేవాళ్లు, అది నిజమే. అయినా ఆ ఉత్తరం గురించి తెలిశాక, బరువు తగ్గించడం అనే మాట మునుపటిలా సరదాగా వినిపించదు. సెవెన్‌లో తీసేసింది తలుపు, తడిసేది కొన్నవాడు. రేసు కారులో తీసేసిన గ్రాముల లెక్క వేరు.

1973 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో పర్చేజ్ ట్యాక్స్ పోయి వ్యాట్ వచ్చింది, కిట్‌కీ పన్ను తప్పలేదు. సందు మూసుకుపోయింది. అదే ఏడు సెవెన్ హక్కుల్ని కేటరమ్ అనే డీలర్‌కి అమ్మేశారు. కేటరమ్ ఇప్పటికీ ఆ కారుని కిట్‌గానూ అమ్ముతోంది. అప్పటికి చాప్‌మన్ దృష్టి ఖరీదైన కార్ల మీద, విమానాల మీద, పడవల మీద ఉంది. 1978లో కారు కింది గాలితో నేలకి అతుక్కునేలా చేసిన లోటస్ 79తో మారియో ఆండ్రెట్టి ఛాంపియన్ అయ్యాడు. 1981లో రూల్స్‌లో సందు వెతికి లోటస్ 88కి రెండు ఛాసిస్‌లు పెట్టాడు, ఈసారి ఒప్పుకోలేదు, నిషేధించారు.

చివరి సందు డబ్బుది. బెల్‌ఫాస్ట్ దగ్గర బ్రిటిష్ ప్రభుత్వ సొమ్ముతో పెట్టిన డిలోరియన్ కారుని డెవలప్ చేసే పని లోటస్‌కి వచ్చింది. దానికని ఇచ్చిన డబ్బులో కోటీ డెబ్బై లక్షల డాలర్లకి పైగా పనామాలో రిజిస్టరైన ఒక కంపెనీ ద్వారా మాయమైంది. 1982లో డిలోరియన్ కంపెనీ మూతపడింది, లెక్కలు తవ్వడం మొదలైంది. అదే ఏడు డిసెంబర్ 16న చాప్‌మన్ గుండెపోటుతో చనిపోయాడు. వయసు 54. చనిపోలేదు, ఎక్కడో దాక్కున్నాడని పుకార్లు కూడా లేచాయి, వాటికి ఆధారం లేదు. పదేళ్ల తర్వాత, 1992లో, అతని అకౌంటెంట్ ఫ్రెడ్ బుషెల్‌కి మూడేళ్ల జైలు పడింది. చాప్‌మన్ బతికుంటే కనీసం పదేళ్లు వేసేవాణ్ణని జడ్జి అదే కోర్టులో చెప్పాడు.

హేజెల్ 2021 వరకు ఉంది. కొడుకు క్లైవ్ నడిపే క్లాసిక్ టీమ్ లోటస్ పాత రేసు కార్లని ఇప్పటికీ తిరిగే స్థితిలో ఉంచుతోంది.